నేల తేడా

ఉదయం 10.42కి పాడేరు మైదానంలో ఆగి ఉన్న తూనీగ తొమ్మిది విమానం, తాను 3,300 అడుగుల ఎత్తున ఉన్నట్టు తెలిపింది. ఆ మైదానం ఎత్తు 2,960 అడుగులు. రన్‌వే మొదట్లో సిమెంటు పలక మీద ఆ అంకె రాసి ఉంది.

"అక్కా, నేను లేచిపోయానేటి?" అన్నాడు పైలట్ పాంగి కామేశు. "గడియారం మూడువేల మూడొందలంటంది. కిందకి సూత్తే చక్రాలు బురదలోనే ఉన్నాయి."

విమానాలకి ఆదేశాలు చదివే విశాఖపట్నం పలుకుశాలలో మూడో బల్ల దగ్గర కూర్చున్న నూకరత్నం మామూలుగా కామేశు మాటలకి నవ్వుతుంది. ఈసారి నవ్వలేదు.

"ఇంకోసారి చూసి చెప్పు."

"సూసేను. వేలితో కొట్టేను కూడా. పీడనం నువ్విచ్చిందే పెట్టేను, వెయ్యీ ఎనిమిది. పలక నా ముక్కుకి ఎదురుగా ఉంది."

రన్‌వే ఎక్కే ముందు పలక పక్కన ఆగి, పలక మీది అంకెనూ ఎత్తు గడియారం అంకెనూ పోల్చుకోవడం కొండ పైలట్ల అలవాటు. కొత్త నియమావళిలో ఆ అలవాటు లేదు. వాళ్ళు మానలేదు.

నూకరత్నం తన తెర చూసింది. కొండఖండం పీడనం, 1008. ఎడమ పక్క బల్ల దాలినాయుడిది. అతను తీరఖండం చూస్తాడు. అతని తెర మీద పీడనం 996. రెండు బల్లల మధ్య చెయ్యి చాస్తే అందేంత దూరం. బంగాళాఖాతంలో నిన్నటి నుంచి వాయుగుండం ఉంది. అది తీరం మీద పీడనం తగ్గించి, ఘాట్ రోడ్డు మొదట్లో ఆగిపోదు.

ఎత్తు గడియారం ఎత్తును కొలవదు. గాలి పీడనాన్ని కొలిచి, దాన్నిబట్టి ఎత్తు లెక్క కడుతుంది. అందుకే ఎగిరే ముందు ఆ పూట పీడనాన్ని అందులో పెట్టాలి. పీడనం పడిపోయిన రోజున పాత అంకె పెడితే, గడియారం విమానాన్ని అసలు ఉన్నదానికంటే పైన చూపిస్తుంది. పన్నెండు మిల్లీబార్లకి మూడు వందల నలభై అడుగులు. శిక్షణలో మొదటి వారం చెప్పే పాఠం ఇది. పలుకుశాలలో ఇది తెలియని మనిషి లేడు.

కొండఖండం పీడనాన్ని కొలిచే గూడు మీద వానాకాలం మొదట్లో పిడుగు పడింది. ఇప్పుడు అక్టోబరు. గూడు ఒక గుత్తేదారుది, దాని తీగ ఇంకో గుత్తేదారుది. ఎవరు ముందు బాగు చేయాలో తేలలేదు. కొలత రానప్పుడు, విమానాల దారులు లెక్క కట్టే యంత్రం మార్గణి ఆ నెల సగటును తీసి ఆ చోట వేసుకుంటుంది. దాన్ని పూరింపు అంటారు. పక్క ఖండం కొలతను వాడుకోవడానికి దానికి అనుమతి లేదు.

పూరింపు అంకెలు మునుపు తెర మీద పసుపు రంగులో వచ్చేవి. పసుపు కనబడితే శాలలోని పలుకరులు ఆగి అడిగేవాళ్ళు. పైలట్లు ఎగరబోమనేవాళ్ళు. ఆలస్యాలు పెరిగాయి. నిరుడు పసుపు తీసేశారు. ఇప్పుడు కొలిచిన అంకె, పూరించిన అంకె రెండూ తెల్లగానే ఉంటాయి.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను. నేల తేడా మూడు వందల నలభై అని ఎక్కిస్తున్నాను."

"సోమన్న మావకి కూడా ఇలగే సూపించింది గదా?"

నూకరత్నం పక్కకి తిరిగి చూసింది. ఆమె కుడి పక్క బల్ల ఖాళీగా ఉంది. పైడిరాజు హెడ్‌ఫోను కొక్కేనికి వేలాడుతోంది.

పదిహేను రోజుల కిందట, ఇలాంటి వానలోనే, తూనీగ నాలుగు పైలట్ కొర్రా సోమన్న నేల తేడా ఉందని పైడిరాజుకి చెప్పాడు. పైడిరాజు దాన్ని మార్గణికి ఎక్కించాడు. మార్గణి ఇచ్చిన జవాబు చదివాడు. సోమన్న దాన్ని తిరిగి చెప్పాడు. పైడిరాజు "ముడి" అన్నాడు. తూనీగ నాలుగు మబ్బులో ఏనుగుమెట్టను ఢీకొంది. మెట్ట శిఖరం 5,100 అడుగులు. విమానానికి ఇచ్చిన ఎత్తు 5,400. సోమన్నతో కలిపి తొమ్మిది మంది చనిపోయారు.

మార్గణి పైలట్లతో నేరుగా మాట్లాడదు. యంత్రం మాట మీద ఎగరబోమని పైలట్లు ఒకప్పుడు సమ్మె చేసి చట్టం తెచ్చుకున్నారు. ఆదేశం మనిషి గొంతుతోనే వెళ్ళాలి. తెర మీద వచ్చిన వాక్యాన్ని పలుకరి చదివితే అది మాట. పైలట్ తన చెవిన పడిన వాక్యాన్ని పొల్లుపోకుండా తిరిగి చెబితే అది మారుమాట. మార్గణి రెండూ విని, తన వాక్యంతో కలిసిందని చూపిస్తుంది. అప్పుడు పలుకరి "ముడి" అంటారు. ముడి పడితేనే నేల మీది విమానం మోటార్లకి కరెంటు అందుతుంది. చట్టం చేసేటప్పుడు ఇంకో వాక్యం కూడా చేరింది. ముడి వేసిన గొంతుదే బాధ్యత.

పైడిరాజు ఇప్పుడు సబ్‌జైల్లో ఉన్నాడు. విచారణ సంఘం ఆ మధ్యాహ్నం మూడింటికి చివరిసారి కూర్చుంటుంది. నేల తేడా సంగతి పక్క బల్ల నుంచి నా చెవులతో విన్నానని నూకరత్నం సాక్ష్యం చెప్పింది. సంఘం రాసుకోలేదు. ఘటన అంటే చక్రాలు నేల వదిలిన క్షణం నుంచి అని నిబంధన. నేల మీద ఎవరు ఏం చెప్పుకున్నా మా పరిధి కాదన్నారు.

తెర మీద జవాబు వచ్చింది.

*నేల తేడా నమోదైంది. పరికర దోషం. కొనసాగించండి.*

దాని కింద మాట వచ్చింది.

*తూనీగ తొమ్మిది. పీడనం 1008. లేవండి. ముఖదిశ 119. ఎత్తు 5,400.*

దారి 126 డిగ్రీల మీద ఉంది. గాలి ఎడమ నుంచి తోస్తోంది కాబట్టి ముక్కును ఏడు డిగ్రీలు ఎడమకి తిప్పి ఎగరాలి. గాలికి విమానం ఎంత పక్కకి జారుతుందో మార్గణి అంత సూక్ష్మంగా లెక్క కట్టింది. అదే గాలి పీడనాన్ని మాత్రం నెల సగటు నుంచి తీసుకుంది.

నూకరత్నం మైకు నొక్కలేదు. చెయ్యి ఎత్తింది.

"సార్, ఒకసారి ఇటు రండి."

పూట అధికారి వర్ధనరావు వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. పలుకుశాలకి రాకముందు ఇరవై ఏళ్ళు విమానం నడిపిన మనిషి. తెర చూశాడు. పక్కన దాలినాయుడి తెర కూడా చూశాడు.

"చదువమ్మా," అన్నాడు.

"పైడిరాజుకీ ఇదే చెప్పారు."

"గొంతు తగ్గించు."

"తగ్గించను. ఆ రోజు వాడు మిమ్మల్ని పిలిచాడా లేదా? మీరొచ్చి వాడి కుర్చీ వెనక నిలబడ్డారా లేదా? చదువు పైడిరాజూ, యంత్రం చూసుకుంటుంది అన్నారా లేదా?"

శాలలో మిగతా బల్లల దగ్గర తలలు ఇటు తిరిగాయి. వర్ధనరావు ఆ తలల వైపు చూడలేదు.

"అది నేల మీద జరిగింది," అన్నాడు.

"ఇది కూడా నేల మీదే జరుగుతోంది. అందుకే పిలిచాను. ఆరువేల అయిదొందలు ఇప్పించండి. శిక్షణలో మాకు చెప్పింది మీరే కదా, కొండ మీద వెయ్యి అడుగుల అంచు లేకుండా దాటొద్దని. ఆ వెయ్యిని మూడు వందలు చేసినప్పుడు ఏమన్నారు? పీడనం ఇప్పుడు కచ్చితంగా తెలుస్తుంది కాబట్టి చాలన్నారు. ఏదీ, తెలుస్తోందా?"

"పై పొరలు సరుకు విమానాలకి ఇచ్చేశారు. అందులోకి పంపాలంటే మినహాయింపు కావాలి."

"అడగండి."

"మినహాయింపుకి నా గొంతు పెట్టాలి రత్నం."

"పెట్టండి."

వర్ధనరావు ఆమె వైపు వంగాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "తొమ్మిదిలో డయాలసిస్ మనిషి ఉంది. వంతల చిన్నమ్మి. నిన్ననే రావలసింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడింది, తీసేసరికి రేపవుతుంది. నువ్వు ఆపితే, ఆమెకి ఏదైనా అయితే, ఎవరు చెప్పాలి జవాబు?"

"ఆమెని ఎగరొద్దన్నానా నేను? కొండకి కొట్టొద్దన్నాను."

"కొట్టుకుంటుందని నీకెలా తెలుసు? నిజంగానే పరికర దోషం కావచ్చు."

నూకరత్నం కుర్చీ తిప్పి ఆయన ముఖంలోకి చూసింది.

"మీకు తెలియదా సార్?"

ఆయన చూపు దాలినాయుడి తెర మీదికి పోయింది.

"చదివేది నేను. చచ్చేది కామేశు, ఆ చిన్నమ్మి. జైలుకి పోయింది పైడిరాజు. మధ్యలో మీరేం చేస్తున్నారు? తెలిసి కూడా చదువు చదువు అంటారు. తెలియనివాడు అంటే నేను ఊరుకుందును." హెడ్‌ఫోను తీసి ఆయన ముందు పెట్టింది. "ఇదిగో మైకు. మీరు చదవండి. మీ గొంతుతో ముడి వేయండి. నేను లేచి ఇంటికి పోతాను."

హెడ్‌ఫోను బల్ల మీద ఉంది. వర్ధనరావు చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు.

పలుకరి తొంభై సెకన్లు మాట్లాడకపోతే మార్గణి ఆ మాటను పక్క బల్లకి పంపుతుంది. గడువు ముగిసింది. వాక్యం నూకరత్నం తెర మీద పోయి, దాలినాయుడి తెర మీద తేలింది.

"వచ్చింది తల్లీ," అన్నాడు దాలినాయుడు. "పొద్దున్న మా ఆవిడ చెప్పనే చెప్పింది. నోరు పారేసుకుని ఉద్యోగం పోగొట్టుకోకు అని. నోరు తెరిస్తే పోయే ఉద్యోగమని దానికి తెలీదు." అతను నవ్వబోయాడు కాని నవ్వు రాలేదు. వేలు మైకు మీట మీద పెట్టాడు. తీశాడు.

"నాయుడూ, ఇటు మళ్ళించు," అంది నూకరత్నం.

"ఏం చేస్తావు?"

"చదువుతాను."

"మంచిది," అన్నాడు వర్ధనరావు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

దాలినాయుడు మాటను తిరిగి ఆమెకి పంపాడు. నూకరత్నం హెడ్‌ఫోను పెట్టుకుంది. మైకు నొక్కింది. కొండఖండంలో తిరిగే విమానాలన్నీ ఒకే రేడియో వాహిని మీద వింటాయి. ఆ సమయానికి రెండు తూనీగలు తీరం వైపు గాలిలో ఉండి, కొండల్లోకి ప్రవేశం కోసం ఎదురు చూస్తున్నాయి. ఇంకో నాలుగు వేరు వేరు మైదానాల్లో ఉన్నాయి.

"తూనీగ తొమ్మిది," అంది. "పీడనం వెయ్యీ ఎనిమిది, పూరింపు. లేవండి. ముఖదిశ నూట పంతొమ్మిది. ఎత్తు అయిదువేల నాలుగు వందలు, పూరింపు."

పసుపు రంగు పోయాక ఆ మాట వాహిని మీద ఎవరూ అనలేదు.

కామేశు కాసేపు పలకలేదు. పైలట్ తన చెవిన పడిన వాక్యాన్నే తిరిగి చెప్పాలి. ఒక మాట తగ్గించినా, కలిపినా తప్పు. ఆ నియమం పుట్టిందే పైలట్ల కోసం. అతను చెప్పాడు.

"తూనీగ తొమ్మిది. పీడనం వెయ్యీ ఎనిమిది, పూరింపు. లేవండి. ముఖదిశ నూట పంతొమ్మిది. ఎత్తు అయిదువేల నాలుగు వందలు, పూరింపు."

*మారుమాట కలవలేదు. మాట మళ్ళీ చదవండి.*

నూకరత్నం మళ్ళీ చదివింది. అలాగే చదివింది. కామేశు అలాగే తిరిగి చెప్పాడు. ఈసారి అతను ఆగలేదు.

*మారుమాట కలవలేదు.*

"రత్నం, అదనపు మాట నేరం," అన్నాడు వర్ధనరావు. "సస్పెన్షన్ కాదు, కేసు."

"రాసుకోండి. ఎప్పుడు చెప్పానో కూడా రాసుకోండి. చక్రాలు నేల మీద ఉండగా చెప్పాను."

మూడోసారి చదివింది. మార్గణి ఆమె మైకు కోసేసింది. తెర నల్లబడింది. బల్ల అంచున ఉన్న ఆమె గుర్తింపు కార్డు మీద దీపం ఆరింది. మాట మళ్ళీ దాలినాయుడి దగ్గరకి వెళ్ళింది.

అతను వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తన తెర మీద ఉన్న 996ని చూశాడు. అతనికి కుడివైపున నూకరత్నం, ఆ పక్కన కొక్కేనికి పైడిరాజు హెడ్‌ఫోను ఉన్నాయి.

"ఛీ, వెధవ బతుకు," అని మైకు నొక్కాడు. "తూనీగ తొమ్మిది. పీడనం వెయ్యీ ఎనిమిది, పూరింపు."

అతను వాక్యం పూర్తి చేసేలోపు గాలిలో ఉన్న తూనీగ రెండు నుంచి ఒక ఆడగొంతు అడ్డం వచ్చింది.

"పలుకుశాలా, నాదీ అదే పీడనం. నాదీ పూరింపేనా?"

"కొండఖండంలో అన్నీ పూరింపేనమ్మా," అన్నాడు దాలినాయుడు.

"ఎన్నాళ్ళ బట్టి?"

"పిడుగు పడ్డప్పటి నుంచి."

వాహిని మీద ఎవరో ఒక బూతు మాట అన్నారు. తమ పేరు చెప్పలేదు.

తర్వాత జరిగింది వరసగా జరిగింది. మార్గణి తూనీగ రెండుకి ప్రవేశం ఇస్తూ అయిదో బల్లకి మాట పంపింది. అయిదో బల్ల పలుకరి వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగానే చదివింది. మారుమాట చెబుతూ పైలట్ తానే పూరింపు అని చేర్చింది. కలవలేదు. తూనీగ ఆరు కూడా అలాగే చేసింది. కలవలేదు. ముడి పడని విమానం ఎక్కడున్నది అక్కడే ఉండాలి. గాలిలో ఉన్న రెండూ తీరం మీద చుట్లు తిరగడం మొదలుపెట్టాయి. మైదానాల్లో ఉన్నవి కదల్లేదు. కొండఖండం గొలుసులో ప్రతి మాటా దాని ముందు మాటకి ముడి పడడం కోసం ఆగింది.

11.20కి శాల గోడ మీద పెద్ద తెర తెల్లగా మారింది.

*కొండఖండంలో గొలుసు ఆగింది. చేతిదారి ప్రకటించండి.*

చేతిదారి నియమావళి చివరి పేజీలో ఉంటుంది. మార్గణి తప్పుకుంటుంది, మోటార్లకి ముడి అక్కర్లేదు. ఖండంలోని అన్ని పొరలూ ఖాళీ అవుతాయి, సరుకు విమానాలు సముద్రం మీదికి మళ్ళుతాయి. పైలట్లు వెయ్యి అడుగుల అంచుతో, తమ గడియారం తాము సరిచేసుకుని ఎగరాలి. పలుకుశాల మొదలైనప్పటి నుంచి దాన్ని ఎవరూ వాడలేదు. ప్రకటన పూట అధికారి గొంతుతోనే వెళ్ళాలి.

శాలలో అందరూ వర్ధనరావు వైపు చూశారు.

నూకరత్నం కుర్చీలోంచి లేచింది. కార్డు పనిచేయనివాళ్ళు బల్ల దగ్గర ఉండకూడదు. హెడ్‌ఫోను తీసి ఆయన ముందు, ఇందాకటి చోటే పెట్టింది.

ఆయన దాన్ని చూశాడు. తీసుకున్నాడు. పెట్టుకునేటప్పుడు ఒక చెవి వైపు తీగ మెలిపడింది. సరిచేసుకున్నాడు. దాలినాయుడు ఆయన కోసం వాహిని తెరిచాడు.

"కొండఖండంలోని అన్ని విమానాలకి," అన్నాడు వర్ధనరావు. "పూట అధికారి వర్ధనరావు మాట్లాడుతున్నాను. చేతిదారి." మళ్ళీ అన్నాడు. "చేతిదారి అమల్లో ఉంది."

"సార్, తూనీగ తొమ్మిది," అన్నాడు కామేశు. "పీడనం పెట్టేక మరకి సీలేసేరు. తెంచమంటారా?"

"తెంచు."

"తెంచితే నా మీద కేసవదు గదా?"

"నేను చెబుతున్నాను, తెంచు. ముల్లు పలక అంకె మీదికి వచ్చేదాకా తిప్పు. నేలని అడిగి పెట్టుకో."

వాహిని మీద సీసం సీలు తెగిన చప్పుడు వినబడింది. కామేశు మర తిప్పుతూ అంకెలు చదివాడు. మూడువేల రెండొందలు. మూడువేల వంద. మూడువేలు. రెండువేల తొమ్మిదొందల అరవై దగ్గర ఆపాడు.

"పీడనం గడిలో ఎంత వచ్చింది?" అడిగాడు వర్ధనరావు.

"తొమ్మిదొందల తొంభై ఆరు."

దాలినాయుడు తన తెర వైపు తిరగలేదు. దాన్ని అతను పొద్దుటి నుంచి చూస్తూనే ఉన్నాడు.

వర్ధనరావు ఆ అంకె కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత అన్నాడు. "ఆరువేల అయిదొందలకి ఎక్కు. ఎక్కాకే కొండ వైపు తిరుగు. తొందరపడి ముక్కు ఎత్తకు, రెక్కల మీద గాలి జారిపోతుంది. వానలో బరువుగా ఉంటుంది."

"తెలుసు సార్. సోమన్న మావ నేర్పేడు."

ఇద్దరు కాపలావాళ్ళు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నూకరత్నం కొక్కేనికి ఉన్న పైడిరాజు హెడ్‌ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే తగిలించింది. వాళ్ళతో బయటికి నడిచింది.

"రత్నం," అన్నాడు వర్ధనరావు.

ఆమె తిరిగి చూడలేదు.

తూనీగ తొమ్మిది చక్రాలు 11.33కి నేల వదిలాయి. ఏనుగుమెట్ట మీదుగా దాటేటప్పుడు కామేశు తన ఎత్తు 6,500 అని చెప్పాడు. కింద మబ్బు తప్ప ఏమీ కనబడలేదన్నాడు. మధ్యాహ్నం పన్నెండులోపు విమానం విశాఖలో దిగింది. వంతల చిన్నమ్మిని అంబులెన్సు ఎక్కించారు.

గొలుసు ఆగితే దాని మీద నివేదిక విచారణ సంఘానికి వెళ్ళాలి. నివేదిక రెండున్నరకి సంఘానికి చేరింది. కింద వర్ధనరావు సంతకం ఉంది. ఘటన మొదలైన సమయం అన్న చోట 11.33 కాదు, 10.42 అని ఉంది.